ఆర్త్వా కోసం నలభై ఏళ్లు కొట్లాడిన రాబర్ట్: మేనత్త అన్యాయం చేసిందా, తనే మునిగాడా?

నల్లమల_నాగు
వారం నుంచి ఈ మనిషి గురించే చదువుతున్నాను. ఫ్రాన్స్ ఉత్తరాన ఆర్త్వా అని ఒక సీమ. ఇతని తాత రెండో రాబర్ట్ దానికి కౌంట్, అంటే సీమని ఏలే దొర. ఆయన కొడుకు ఫిలిప్ 1297లో ఫ్యూర్న్ యుద్ధంలో గాయపడి మరుసటేడు పోయాడు. అప్పటికి ఫిలిప్ కొడుకు, మన మూడో రాబర్ట్‌కి పదకొండేళ్లు. 1302 జూలైలో కోర్‌త్రై దగ్గర ఫ్లెమిష్ (ఫ్లాండర్స్ సీమ) నేతగాళ్ల చేతిలో తాత కూడా పోయాడు. సీమ మనవడికి రావాలి కదా? రాలేదు. తాత కూతురు మహోకి, అంటే ఈ పిల్లాడి మేనత్తకి ఇచ్చేశారు. తండ్రి ఇంకో నాలుగేళ్లు బతికుంటే అసలు తగాదాయే లేదు.

ఎక్కడ చూసినా ఇతన్ని ద్రోహి, దొంగ కాగితాల మనిషి అనే రాశారు. నాకు మాత్రం ఆ పదకొండేళ్ల పిల్లాడే కళ్ల ముందు కనపడుతున్నాడు. మా నాన్న కూడా మా తాతకంటే ముందే పోయాడు. పొలం పంపకం నాడు మా అమ్మ గుమ్మం అవతల నిలబడి వింది, లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. చివరికి మా వాటా మాకొచ్చింది, అది వేరే సంగతి. ఇంతకీ ఆర్త్వా ఎవరికి రావాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

మూడో_బెంచీ
మనవడికే. ఇందులో ఆలోచించడానికేముంది?

ప్లీడరుగారి_అమ్మాయి
ఉంది. ఆర్త్వా ఆచారం వేరు. చనిపోయిన కొడుకు స్థానంలో అతని పిల్లలు నిలబడతారన్న సూత్రం అక్కడ లేదు. తాత పోయేనాటికి బతికున్న సంతానంలో ఎవరుంటే వాళ్లదే. మహో ఆయనకి కూతురు, ఒక్క మెట్టు దూరం. రాబర్ట్ ఆయనకి మనవడు, రెండు మెట్లు. ఒక్క మెట్టు గెలుస్తుంది. ఫ్రాన్స్‌లో చాలా సీమల్లో మనవడికి వచ్చేది కానీ ఆర్త్వాలో రాదు. కాబట్టి మహోది దౌర్జన్యం కాదు నాగు గారూ, అక్కడి ఆచారం ప్రకారం ఆమెకి వచ్చిన హక్కు.

మన దగ్గర 1956 హిందూ వారసత్వ చట్టంలో ముందే పోయిన కొడుకు పిల్లలు మొదటి తరగతి వారసులు, తండ్రి వాటా వాళ్లకి వస్తుంది. మీ వాటా మీకొచ్చింది అందుకే. ఆ అలవాటుతో ఆర్త్వాని చూస్తే అన్యాయంలా కనపడుతుంది.

సిరిసిల్ల_శీను
నేతగాళ్లు గుర్రాల మీది దొరలని పడగొట్టిన్రంటే నాకు మస్తు సంబురమైంది. మాది సాలోళ్ల ఇల్లు. ఆ కోర్‌త్రై సంగతి జర చెప్పున్రి ఎవరన్న.

పాత_పటం
శీను గారూ, ఫ్లాండర్స్ పట్టణాల్లో నేతగాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, చేతివృత్తులవాళ్లు చేతిలో 'గోదెన్‌డాగ్' అనే దుడ్డుకర్ర పట్టుకుని నేల మీద వరసకట్టి నిలబడ్డారు. కర్ర చివర ఇనుప ములుకు ఉంటుంది. నేలంతా కాలవలు, బురద. ఫ్రెంచి గుర్రాలు అందులో దిగబడ్డాయి. రెండో రాబర్ట్ ఆ దండుకి సేనాపతి. యుద్ధం అయ్యాక చచ్చిన దొరల మడమల బంగారు ముళ్లు ఏరి చర్చిలో వేలాడదీశారు. అందుకే దాన్ని బంగారు ముళ్ల యుద్ధం అంటారు.

ఈ వంశంలో నాలుగు తరాలూ యుద్ధంలోనే పోయాయి. మొదటి రాబర్ట్ తొమ్మిదో లూయీకి తమ్ముడు, 1250లో ఈజిప్టులో మన్సూరా వీధుల్లో చచ్చిపోయాడు. రెండోవాడు తండ్రి పోయాక పుట్టాడు, కోర్‌త్రైలో పోయాడు. ఆయన కొడుకు ఫిలిప్ ఫ్యూర్న్ గాయంతో పోయాడు. మన మూడో రాబర్ట్ ఎలా పోయాడో తరవాత చెబుతాను, అది ఇంకో కథ.

గోదారి_గట్టు
ఆ పేరు మహో కాదండి, ఫ్రెంచివాళ్లు హ పలకరు. మావో అంటారు.

మూడో_బెంచీ
మావో అంటే ఇక్కడ చర్చ వేరే దారి పడుతుంది. మహో అనే ఉంచుదాం.

నల్లమల_నాగు
@ప్లీడరుగారి_అమ్మాయి ఆచారం సంగతి ఒప్పుకుంటాను. కానీ తీర్పు చెప్పినవాళ్లు ఎవరో చూడండి. 1309లో మొదటి తీర్పు ఇచ్చింది రాజు నాలుగో ఫిలిప్. మహో ఇద్దరు కూతుళ్లు జీన్, బ్లాంష్ అప్పటికే ఆయన కోడళ్లు. జీన్ పెళ్లి 1307లో, బ్లాంష్ పెళ్లి 1308లో అయ్యాయి. అంటే తీర్పు చెప్పింది మహో వియ్యంకుడు! ఆ తరవాత 1318లో రెండో తీర్పు. అప్పటి రాజు అయిదో ఫిలిప్, జీన్ మొగుడు. అంటే మహోకి సొంత అల్లుడు! వియ్యంకుడు ఒకసారి, అల్లుడు ఒకసారి కూర్చుని తీర్పిస్తే పిల్లాడికి న్యాయం ఎక్కడిది?

మూడో_బెంచీ
ఇప్పుడు చెప్పండి ప్లీడరుగారి అమ్మాయి గారూ.

ప్లీడరుగారి_అమ్మాయి
చెబుతా. న్యాయమూర్తికి సొంత లాభం ఉంది, కాదనను. అసలు ఆ పెళ్లిళ్ల వెనకే ఒక సీమ ఉంది. మహో భర్త ఓతో బుర్గుండీ కౌంటు. ఆయన 1295లో తన కౌంటీని కూతురి పెళ్లితో ముడిపెట్టి రాజుకి అప్పగించాడు. మహోని కదిపితే రాజుకే నష్టం. అయినా ఇంకో రాజు కూర్చున్నా ఆర్త్వా ఆచారం ప్రకారం ఇదే తీర్పు వచ్చేది. న్యాయమూర్తికి చుట్టరికం ఉన్నంత మాత్రాన తీర్పు తప్పైపోదు.

పైగా రాబర్ట్‌ని ఉత్త చేతులతో పంపలేదు. బోమోన్ లె రోజే కౌంటీ ఇచ్చారు.

సిరిసిల్ల_శీను
కౌంటీకి బదులు ఇంకో కౌంటీ ఇస్తే ఊకుంటడా? ఇల్లు గుంజుకొని పశువుల కొట్టం ఇచ్చినట్లుంటది.

పాత_పటం
ఊరుకోలేదు. 1316లో ఆర్త్వా చిన్న దొరలు మహో మీద తిరగబడ్డారు. పన్నుల గొడవ, ఆమె మంత్రి తియెరీ దిరెసోన్ మీద మంట. రాజు పదో లూయీ పోయాడు, సింహాసనం ఎవరిదో తేలలేదు. అదను చూసి రాబర్ట్ దండుతో దిగాడు, ఆర్త్వా ముఖ్యపట్టణం ఆరాస్ పట్టుకున్నాడు. కానీ పారిస్‌లో పగ్గాలు పట్టింది ఎవరు? మహో అల్లుడు ఫిలిప్. దండెత్తి వచ్చాడు. రాబర్ట్ లొంగిపోయాడు. 1318 తీర్పు ఆ తరవాతే.

1317 జనవరిలో రేంస్‌లో అల్లుడి పట్టాభిషేకం నాడు పన్నెండుమంది 'పీర్ల' (రాజ్యంలో అందరికంటే పై హోదా ఉన్న దొరల) వరసలో మహో కూర్చుంది. రాజు తల మీద కిరీటం పట్టుకున్న చేతుల్లో ఆమె చేయీ ఉంది. ఆడమనిషి ఆ స్థానంలోనా అని ఊరంతా గొణిగారు. ఆ రోజు రాబర్ట్ కడుపు ఎంత మండిందో!

బోస్టన్_బామ్మ
అందరూ ఆ పిల్లాడినే చూస్తున్నారు, మహో గురించి ఎవరూ ఒక్క మాటా అనరేం? మొగుడు పోయాడు, కొడుకు కూడా చిన్న వయసులోనే పోయాడు. 1314లో కూతుళ్ల మీద అపవాదు పడింది. బ్లాంష్‌కి గుండు కొట్టించి షాతో గయ్యార్ కోటలో పడేశారు. అయినా ఈవిడ సీమని చెయ్యి జారనివ్వలేదు. ఆసుపత్రులు కట్టించింది. ఆమె ఇంటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ ఆరాస్‌లో ఉన్నాయి. రొట్టె ఎంత, మేకు ఎంత, రంగు వేసినవాడికి కూలి ఎంత, అన్నీ రాయించింది. ఎదాన్ కోట తోటలో తండ్రి పెట్టించిన కదిలే కోతి బొమ్మలు ఉండేవి. వాటికి కప్పిన జంతు చర్మం పాడైతే కొత్త చర్మం వేయించిన ఖర్చు కూడా ఆ లెక్కల్లో ఉంది. సీమని ఆమె తిన్నదీ లేదు తగలేసిందీ లేదు, నడిపింది.

మా అత్తగారు కూడా ఇలాగే డైరీలో పాల లెక్క రాసేది. ఆవిడ పోయాక తగాదా వస్తే ఆ డైరీలే మమ్మల్ని కాపాడాయి.

నల్లమల_నాగు
బామ్మగారూ, ఆ కోతి బొమ్మల సంగతి నాకు తెలియదు. మహోని ఇప్పటిదాకా పక్కింటి గయ్యాళిలా చూశాను, నా పొరపాటే.

గోదారి_గట్టు
మధ్యలో ఒక మాట. ఆర్టీసియన్ బావి అని బళ్లో చదివాం కదా, మోటారు లేకుండా నీళ్లు తన్నుకొచ్చేది. ఆ పేరు ఈ ఆర్త్వా నుంచే వచ్చింది. 1126లో లీయేర్ అనే ఊళ్లో సన్యాసులు తవ్విన బావి ఇప్పటికీ ప్రసిద్ధి. మా భద్రాచలం అవతల కూడా ఇలాంటి బోర్లు ఉన్నాయి, పొలం గట్టున వాటంతటవే పొంగుతుంటాయి.

మూడో_బెంచీ
నీళ్లు తన్నుకొచ్చే నేల కాబట్టే అంత కొట్లాట!

తలకోన_తమ్ముడు
దొంగ కాగితాల సంగతికి రాండప్పా. దాని కోసమే కింద దాకా వచ్చినా.

ప్లీడరుగారి_అమ్మాయి
వస్తున్నా. 1328లో నాలుగో చార్లెస్ కొడుకుల్లేకుండా పోయాడు. రాజ్యం ఫిలిప్ ఆఫ్ వాల్వాకి వచ్చింది, ఆరో ఫిలిప్ అయ్యాడు. రాబర్ట్ ఇతని పక్షాన గట్టిగా నిలబడ్డాడు. 1318లో ఇతని సవతి చెల్లెలినే చేసుకున్నాడు కూడా. అంటే ఇప్పుడు రాజు రాబర్ట్‌కి బావమరిది. వియ్యంకుడి తీర్పు, అల్లుడి తీర్పు అయ్యాయి, ఇప్పుడు బావమరిది వంతు. నాగు గారి లెక్క ప్రకారం రాబర్ట్ గెలవాలి!

కానీ ఒకసారి తేలిన దావా మళ్లీ తెరవాలంటే కొత్త ఆధారం కావాలి. మేం రెస్ జ్యుడికేటా అంటాం. రెండుసార్లు ఓడిన మనిషి ఊరికే "నాకు అన్యాయం జరిగింది" అంటే కుదరదు. "మా నాన్న పెళ్లినాడే తాత ఆర్త్వాని ఆయనకి రాసిచ్చాడు, ఆ పత్రాలు దాచేశారు" అంటే కుదురుతుంది. 1329లో రాబర్ట్ సరిగ్గా అదే అన్నాడు. పత్రాలు కూడా వచ్చాయి. తెచ్చింది బెత్యూన్‌కి చెందిన జీన్ ద దివియోన్ అనే ఆవిడ, మహో మంత్రి తియెరీకి దగ్గరైన మనిషి. తియెరీ ముందటేడే పోయాడు. "చచ్చిపోయే ముందు ఆయనే ఈ కాగితాలు నాకిచ్చాడు" అంది.

పాత_పటం
ఆ పని ఎలా చేశారో చెప్పాలి. అప్పట్లో సంతకం కాదు, ముద్రే ప్రాణం. తోలు పత్రం అడుగున చీలిక చేసి, అందులోంచి సన్నటి తోలు పట్టీ వేలాడదీసి, దాని మీద మైనం అద్ది ముద్ర కొట్టేవాళ్లు. కొత్త ముద్ర చెక్కితే దొరికిపోతారు. అందుకని తాత కాలం నాటి నిజమైన ఉత్తరాలు సంపాదించి, వాటి ముద్రలు ఊడదీసి, తాము రాయించిన పత్రాలకి అతికించారు. మైనం నిజమైనదే, కింద వేలాడే ముద్రా నిజమైనదే. పైన ఉన్న మాటలే అబద్ధం.

తలకోన_తమ్ముడు
మా ఇంట్లో జరిగింది ఇదేనప్పా! మా చిన్నాయన ఒక వీలునామా తెచ్చినాడు, మా జేజినాయన రాసినాడని. తేదీ 1978. పాత స్టాంపు కాగితం, ఎర్రబారిన అంచులు, వేలిముద్ర, అన్నీ సరిగ్గానే ఉండాయి. మా నాయన మూడు దినాలు అన్నం తినలేదు. మా పక్కింటి రిటైరయిన కరణం కళ్లద్దాలు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదివి నవ్వినాడు. ఊరి పేరు కింద 'మండలం' అని రాసుంది. మండలాలు వచ్చింది 1985లో! 1978లో తాలూకా కదా ఉండేది.

మూడో_బెంచీ
వామ్మో. కరణంగారికి దండం.

సిరిసిల్ల_శీను
మరి మీ చిన్నాయనకు ఏమైంది?

తలకోన_తమ్ముడు
ఏమీ కాలే. పెద్దమనుషుల ముందర కాగితం చించేసినారు. ఇప్పటికీ పండక్కి వస్తాడు, మా నాయన మాట్లాడడు. కానీ ఆ దివియోన్‌కేమయిందో చెప్పండి.

ప్లీడరుగారి_అమ్మాయి
1330 చివర్లో పత్రాలు దొంగవని తేలింది. 1331 అక్టోబరులో ఆమెని పారిస్‌లో బతికుండగానే కాల్చేశారు. రాబర్ట్ పేరు చెప్పి పని చేయించుకున్నవాళ్లు, రాసినవాళ్లు, సాక్ష్యం చెప్పినవాళ్లు దొరికిపోయారు. రాబర్ట్ తప్పించుకున్నాడు. పిలిచినా కోర్టుకి రాలేదు. 1332లో దేశబహిష్కారం వేసి ఆస్తి జప్తు చేశారు.

నాగు గారూ, నాకు కోపం వచ్చేది ఇక్కడే. మీ పదకొండేళ్ల పిల్లాడు నలభై దాటాక తన భూమి కోసం ఒక ఆడమనిషిని మంటల్లోకి పంపి తను గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

నల్లమల_నాగు
దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె పేరు కూడా నేను ఇంతవరకూ సరిగా పట్టించుకోలేదు.

బోస్టన్_బామ్మ
దావా నడుస్తుండగానే మహో పోయింది, 1329 నవంబరులో. రెండు నెలలు తిరక్కుండా సీమ అందుకున్న కూతురు జీన్ కూడా పోయింది, 1330 జనవరిలో. రాబర్ట్ విషం పెట్టించాడని జనం అన్నారు, రుజువు మాత్రం లేదు. ఆ తరవాత సీమ ఎవరికి పోయిందో చెప్పండి, అక్కడే ఉంది అసలు ముడి.

పాత_పటం
జీన్ కూతురికి. ఆమె పేరూ జీనే. ఆమె భర్త బుర్గుండీ డ్యూక్ నాలుగో ఓడో. ఈ ఓడో అక్క ఎవరు? ఆరో ఫిలిప్ రాణి. ఇప్పుడు రాజు ఇల్లు చూడండి. చెల్లెలి మొగుడు రాబర్ట్ ఒకవైపు, పెళ్లాం తమ్ముడు ఓడో ఒకవైపు. రాత్రి పడక గదిలో ఎవరి మాట వినపడుతుందో వేరే చెప్పాలా?

మూడో_బెంచీ
వియ్యంకుడు, అల్లుడు, బావమరిది. చివరికి రాణిగారి తమ్ముడు. చుట్టాలే రాజ్యాంగం.

సిరిసిల్ల_శీను
గీ బావమరుదుల లొల్లిల ఫ్రాన్స్‌కు ఇంగ్లండ్‌కు నడుమ వంద ఏండ్ల యుద్ధం ఎట్ల జొచ్చింది మరి?

పాత_పటం
రాబర్ట్ ముందు బ్రబాంట్, నమూర్ సీమలు తిరిగాడు. ఫిలిప్ అక్కడి దొరల్ని బెదిరించాడు. అప్పుడు ఇంగ్లండ్ చేరాడు. అక్కడి రాజు మూడో ఎడ్వర్డ్ ఆదరించాడు. ఫిలిప్ "అతన్ని అప్పగించు" అన్నాడు. ఎడ్వర్డ్ వినలేదు. ఫ్రాన్స్ నైరుతిలో ఉన్న గయెన్ సీమకి డ్యూక్‌గా ఎడ్వర్డ్ ఫ్రెంచి రాజుకి సామంతుడు. సామంతుడు ప్రభువు శత్రువుకి నీడ ఇవ్వకూడదు. ఆ సాకుతో 1337 మే 24న ఫిలిప్ గయెన్‌ని జప్తు చేశాడు. యుద్ధం మొదలైంది అక్కడే అని లెక్క.

ఆ కాలపు ఒక కావ్యంలో ఇంకో ముచ్చట ఉంది. రాబర్ట్ డేగతో కొంగని కొట్టించి, వండించి, ఎడ్వర్డ్ ముందు పెట్టాడట. "అన్నిటికంటే పిరికి పక్షి ఇది, తనకి రావాల్సిన ఫ్రాన్స్ రాజ్యం అడగలేని పిరికి రాజుకే తగింది" అన్నాడట. అది కవి కల్పన. కానీ జనం రాబర్ట్‌ని ఎలా చూశారో తెలుస్తుంది.

ప్లీడరుగారి_అమ్మాయి
కొంగ కథతో యుద్ధమంతా రాబర్ట్ నెత్తిన రుద్దకండి. గయెన్ విషయంలో ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ ఎన్నో ఏళ్ల పేచీ. స్కాట్లండ్‌కి ఫ్రాన్స్ సాయం చేస్తోంది. ఫ్లాండర్స్ మగ్గాలకి ఇంగ్లండ్ ఉన్ని కావాలి. రాబర్ట్ లేకపోతే ఫిలిప్ ఇంకో సాకు వెతుక్కునేవాడు. పారిపోయిన మనిషి మీద చేతబడి నేరం కూడా మోపారు, మైనపు బొమ్మలు చేయించి రాజు ఇంటివాళ్లని చంపబోయాడని. శత్రువు అన్నాక ఏదైనా అంటారు.

గోదారి_గట్టు
ముద్రల దగ్గరా మైనమే, చేతబడి దగ్గరా మైనమే.

నల్లమల_నాగు
మళ్లీ ఆర్త్వాలో అడుగు పెట్టాడా లేదా? అది చెప్పండి.

పాత_పటం
పెట్టాడు. 1340 జూలై 26, సాంతోమేర్ ఊరి బయట. రాబర్ట్ వెనక ఇంగ్లిష్ విలుకాళ్లు, ఎక్కువమంది ఫ్లెమిష్ పట్టణాలవాళ్లు. అవును శీను గారూ, తాతని చంపిన ఆ ఫ్లాండర్స్ వాళ్లే ఇప్పుడు మనవడి దండు! ఊళ్లో ఉన్నది ఎవరు? ఆర్త్వాని అనుభవిస్తున్న ఓడో. ముప్పై ఎనిమిదేళ్ల తగాదాకి ఇద్దరు హక్కుదార్లూ కత్తులతో ఎదురెదురు పడ్డారు. రాబర్ట్ తన వైపు గెలిచాడు, ఓడో మనుషుల్ని ఊరి తలుపుల దాకా తరిమాడు. ఈలోపు రెండోవైపు ఆర్మాన్యాక్ కౌంట్ ఫ్లెమిష్ వరసని చీల్చి రాబర్ట్ శిబిరం మీద పడ్డాడు. సాయంత్రం వెనక్కొచ్చి చూస్తే డేరాల్లేవు, మనుషుల్లేరు. ఆర్త్వా తలుపు దాకా వెళ్లి వెనుదిరిగాడు.

నాకు ఈ కథలో ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

తలకోన_తమ్ముడు
చదువుతాంటే ఒళ్లు జలదరించింది.

ప్లీడరుగారి_అమ్మాయి
చివరి ఘట్టం నేను చెబుతాను, నా సబ్జెక్టు కాబట్టి. 1341లో బ్రిటనీ డ్యూక్ మూడో జాన్ పిల్లల్లేకుండా పోయాడు. హక్కుదార్లు ఇద్దరు. ముందే పోయిన తమ్ముడి కూతురు జీన్ ఒకరు, సవతి తమ్ముడు జాన్ ఆఫ్ మోన్‌ఫోర్ ఇంకొకరు. జీన్ వాదం: "మా నాన్న స్థానంలో నేను." అచ్చంగా రాబర్ట్ నలభై ఏళ్లు వాదించిన వాదం! సవతి తమ్ముడి వాదం: "నేను బతికున్నాను, దగ్గరివాణ్ణి." అంటే మహో వాదం. ఫ్రెంచి రాజు జీన్ పక్షం, కాబట్టి ఎడ్వర్డ్ మోన్‌ఫోర్ పక్షం. ఎడ్వర్డ్ సేనానిగా 1342లో బ్రిటనీలో దిగి, తన మేనత్త వాదం కోసం పోరాడి, వాన్ పట్టణం దగ్గర గాయపడి ఆ ఏడే పోయాడు రాబర్ట్. శవాన్ని లండన్‌లో పూడ్చారు.

మూడో_బెంచీ
ఇది మూడుసార్లు చదివాను.

నల్లమల_నాగు
నేను కూడా. ఇంతకీ పెళ్లాం పిల్లలేమయ్యారు? వాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

బోస్టన్_బామ్మ
ఆమెని సవతి అన్నే, ఆ ఆరో ఫిలిపే, జైల్లో పెట్టాడు. పిల్లల్ని కూడా. తండ్రి చేసిన పనికి కోట గోడల మధ్య పెరిగారు ఆ పసివాళ్లు. ఫిలిప్ పోయి కొడుకు రెండో జాన్ రాజయ్యాక మేనత్త కొడుకుల్ని దగ్గరికి తీశాడు. రాబర్ట్ కొడుకు జాన్‌కి యూ అనే కౌంటీ ఇచ్చాడు. ఆ జాన్ 1356లో పువాతియే దగ్గర రాజు పక్కన ఇంగ్లిష్ వాళ్లతో పోరాడి పట్టుబడ్డాడు. తండ్రి ఇంగ్లిష్ జెండా కింద చచ్చాడు, కొడుకు వాళ్లకే ఖైదీ.

సిరిసిల్ల_శీను
ఆ యూ కౌంటీ ఎవలదో గుంజుకొని ఇచ్చిందేనా మళ్ల?

బోస్టన్_బామ్మ
అవును. 1350లో రౌల్ అనే కౌంట్ తల తీయించి జప్తు చేసింది.

మూడో_బెంచీ
ఈ జీన్‌లు, జాన్‌లు, ఫిలిప్‌లు అంతా కలగాపులగం అయిపోయారు నాకు. ఎవరైనా వంశవృక్షం గీసి పెట్టండి, పుణ్యం ఉంటుంది.

పాత_పటం
రాత్రికి గీసి పెడతాను. జీన్‌లే అయిదుగురు ఉన్నారు, నంబర్లు వేస్తాను. దివియోన్ చుట్టం కాదు గానీ ఆమె పేరు కూడా ఒక పక్కన రాస్తాను.

నల్లమల_నాగు
తప్పకుండా రాయండి.